రెండోసారి నొక్కిన బొటనవేలు

గుండ్లమిట్ట,
బంగారుపాళ్యం పోస్టు.
జూన్ 4.

చిరంజీవి జయంతికి పెదనాయన మునిరత్నం రాసేది.

నేను బాగున్నాను. తోట బాగుంది. తోతాపురి మామిడి ఈ ఏడు కొమ్మలు వంగేటట్టు కాసింది.

ఇది ఫోన్లో అడగవచ్చు. కానీ ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే నాకు మాట రాదని నీకు తెలుసు. నువ్వు చిత్తూరు హాస్టల్లో ఉన్నప్పుడు వారానికొక కార్డు రాసేవాణ్ణి. ఆ అలవాటు పోలేదు.

సంగతి ఏమిటంటే, పోయినేడు గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు మూడు రోజులు రోడ్డు మీదే నిలబడ్డాయి. ఈ ఏడు నిలబెట్టనివ్వడం లేదు. వంతు ఫోన్లో వస్తుంది. గేటుపిలుపు అని ఒక యాప్ ఇచ్చారు. ముందే కాయ కోసి ట్రాక్టర్లో పోసి ఉంచుకోవాలి. వంతు రాగానే ఫోను మోగుతుంది. పది నిమిషాల్లో ‘వస్తున్నాం’ అన్నచోట నొక్కాలి. నొక్కకపోతే వంతు వెనకవాళ్లకు పోతుంది. మళ్లీ మనకు రావడానికి నాలుగు రోజులు. కోసిన కాయ ఈ ఎండలో అన్ని రోజులు ఆగదు.

మన మిట్టలో తొమ్మిది ఇళ్లవాళ్లూ తమ పేర్లు నా ఫోన్లోనే ఎక్కించారు. వాళ్లు చెట్ల మీద ఉంటారు. నేను ఇప్పుడు చెట్టెక్కలేను, కింద కూర్చుని ఉంటాను, నాలుగక్షరాలు చదవగలను. “మునిరత్నమన్న ఉండాడు గదా, ఆయప్ప సూసుకుంటాడు” అన్నారు. నా గురించి ఎవరూ అలా అనడం నేనెప్పుడూ వినలేదు. ఒప్పుకున్నాను.

ఇప్పుడు కష్టం ఇది. ‘వస్తున్నాం’ నొక్కబోతే దాని చోటికి వేరే బొమ్మ వస్తుంది. జుట్టు నూనె, పేకాట, అప్పులిచ్చేవాళ్లు. దాన్ని మూయడం ఎట్లా? నువ్వు అటువంటి పనులు చేసే ఆఫీసులోనే కదా ఉన్నావు.

ఫోను మోగుతోంది. ఆపుతున్నాను.

మోగింది వంతు కాదు. బట్టల కొట్టువాళ్లది. ఉంటాను.

మునిరత్నం

*

తిరుపతి,
జూన్ 9.

పెదనాయనకు జయంతి నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీసుకే వచ్చింది. మా పక్క సీటు అమ్మాయి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, “ఏందే ఇది, స్టాంపు కూడా ఉండాది” అని నలుగురికీ చూపించింది. నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

జాగ్రత్తగా చదువు. ఫోను మోగగానే పేజీ తెరుచుకుంటుంది. అడుగున ‘వస్తున్నాం’ ఉంటుంది. వెంటనే నొక్కకు. సరిగ్గా ఒక సెకను ఆగు. ఆ సెకను తర్వాత కింది నుంచి ప్రకటన లేస్తుంది, ‘వస్తున్నాం’ ఒక అంగుళం పైకి జరుగుతుంది. అది జరిగి కుదురుకున్నాక నొక్కు. పొరపాటున ప్రకటనను తాకితే ఫోను ఎక్కడికో వెళ్లిపోతుంది. వెనక్కి రా. అప్పుడు తెర నిండా ఇంకో ప్రకటన వస్తుంది. ఐదు లెక్కపెట్టు. కుడివైపు పైన గుణకారం గుర్తు కనిపిస్తుంది. మొదట కనిపించే గుర్తు నిజమైనది కాదు, అదీ ప్రకటనలో బొమ్మే. దాని పక్కన సన్నగా, బూడిద రంగులో ఉండేది అసలుది.

ఉచితంగా ఇచ్చే యాప్‌లలో ప్రకటనలు తప్పవు పెదనాయనా. అవి లేకపోతే ఆ యాపే ఉండదు.

మా ఆఫీసులో ఏవేవో చేస్తుంటాం. పని ఎక్కువగా ఉంది. వేళకు తిను. కాయ ఎలా ఉందో రాయి.

జయంతి

*

గుండ్లమిట్ట,
జూన్ 16.

చిరంజీవి జయంతికి,

ఉత్తరం అందింది. పక్కనుండి చూసినట్టు రాశావు. దాన్ని ఫోను పక్కనే పెట్టుకుని, రాయి బరువు పెట్టి, చూసి చేస్తున్నాను.

ఒక సెకను అంటే ఎంత? ఊపిరి పీల్చేంతా, వదిలేంతా? ఆగుదామనే అనుకుంటాను. ఫోను మోగేసరికి వేలు ముందే పోతుంది. ఒకసారి నొక్కితే నా వేలు ఫోనుకు తెలియదు. యాభై ఏళ్లు ఈ వేలితో తొడిమలు తుంచాను కదా, మామిడి సొన తోలును తిని తిని మొద్దుబార్చింది. అందుకని రెండోసారి నొక్కుతాను. రెండోసారికి అక్కడ బొమ్మ ఉంటుంది. రెండోసారి మాత్రం బాగా తెలుస్తుంది దానికి.

నేను పెట్టనివి పదకొండు బొమ్మలు నా ఫోన్లో చేరాయి. ఒకటి నోరు తెరిచి మాట్లాడుతుంది. మొన్న రోడ్డు మీద టీ కొట్లో అందరం కూర్చుని ఉంటే, ఎవరో ఆడమనిషి గొంతుతో మీకు తగిన వధువు మా దగ్గర ఉంది అంది. నేను ఫోనును పంచె మడతలో దాచాను. లోపలి నుంచి కూడా చెబుతూనే ఉంది. మన పక్క తోట నాగులమ్మ నీకు తెలుసు కదా, మొగుడు పోయినా ఒక్కతే తోట చూసుకుంటుంది. “ఏం అన్నా, ఇన్నేండ్లు గమ్మునుండి ఇప్పుడా అడిగేది? మాతో చెప్పింటే మేం సూడమా” అంది. అందరూ నవ్వారు. నాకు టీ దిగలేదు.

తొమ్మిది ఇళ్లలో ఎనిమిదిళ్ల కాయ గేటుకు చేరింది. నాగులమ్మ లోడు కాస్త ఆలస్యమైంది. అంతే.

నిలబడితే కూర్చోవాలనిపిస్తుంది, కూర్చుంటే లేవాలనిపిస్తుంది. అన్నం తినేటప్పుడూ ఫోను కంచం పక్కనే.

మునిరత్నం

*

తిరుపతి,
జూన్ 23.

పెదనాయనకు,

ఒక మంచి మాట. ఆఫీసులో నాకు షీల్డు ఇచ్చారు. నేను కుదిర్చిన ఒక పేజీ బాగా పనిచేస్తోందని. మా పైఆఫీసరు మహిత నా పేరు పిలిచి అందరి ముందూ ఇచ్చింది. గాజుది, బరువుగా ఉంది. ఇంట్లో టీవీ పక్కన పెట్టాను. రెండు రోజులు పెట్టి మళ్లీ తీసి బీరువాలో పెట్టాను. ఎందుకో తెలియదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

నాకు కొన్ని సంగతులు కావాలి. నువ్వు వాడేది నేను రెండేళ్ల కిందట కొనిచ్చిన నీలం రంగు ఫోనేనా? అన్ని పేర్లూ ఆ ఒక్క ఫోన్లోనే ఉన్నాయా? ఏ వేలితో నొక్కుతావు? ప్రతిసారీ రెండుసార్లు నొక్కుతావా? మిట్టలో మిగిలిన వాళ్లు కూడా అంతేనా?

ఊరికే అడుగుతున్నాను. పని మీద పనికొస్తుంది.

నాగులమ్మత్త లోడు ఎన్ని రోజులు ఆలస్యమైందో నువ్వు రాయలేదు.

నిన్న ఫోన్ చేశాను. నువ్వు ఊఁ అన్నావు, ఊఁ అని పెట్టేశావు. నేను అడగాలనుకున్నది అడగనేలేదు.

జయంతి

*

గుండ్లమిట్ట,
జూన్ 28.

జయంతమ్మా,

నీలం ఫోనే. కుడి బొటనవేలు. ప్రతిసారీ రెండుసార్లు. మిట్టలో అందరి వేళ్లూ అంతే, నాది కాస్త ఎక్కువ.

షీల్డు వచ్చిందంటే సంతోషం. బీరువాలో ఎందుకు పెట్టావు? బయట పెట్టు.

నీకు ఒక అబద్ధం రాశాను. నాగులమ్మ లోడు ఆలస్యం కాలేదు. పోయింది.

పదకొండో తారీఖు మధ్యాహ్నం ఆమె వంతు వచ్చింది. ఫోను మోగింది. నొక్కాను. నొక్కింది తెలియలేదు, మళ్లీ నొక్కాను. పేకాట వచ్చింది. వెనక్కి వచ్చాను. తెర నిండా ఒక పిల్ల వచ్చి గంతులు వేసింది. నీ ఉత్తరం అప్పటికి నాకు చేరలేదు. గుణకారం నొక్కాను. అది అసలుది కాదని ఇప్పుడు తెలుసు. ఇంకో యాప్ దిగడం మొదలుపెట్టింది. ఎవరినైనా పిలుద్దామంటే అందరూ చెట్ల మీద. పిలవడానికి నాకు నోరు రాలేదు. నేను చూసుకుంటానని చెప్పినవాణ్ణి కదా. మళ్లీ ఆ పేజీ దొరికేసరికి ‘మీ సమయం ముగిసింది’ అని ఉంది.

నాలుగో రోజుకు ట్రాక్టరు కింద నుంచి నీరు కారింది. నాగులమ్మ ఆ కాయ మొత్తం పారతో తీసి వంక గట్టున పోసింది. నేనూ ఒక పార పట్టాను. ఏమీ చెప్పలేదు. ఆమె ఏమనుకుందంటే, గేటు దగ్గర కూర్చునే పరంధామయ్య ఆమె వంతు దాటించి ఎవరికో ఇచ్చాడని. గేటుకు పోయి నలుగురిలో ఆయన్ను కడిగేసింది. “ఒంటి ఆడదానని గదప్పా నా లోడు తొక్కేసినావు” అంది. ఆయన నోరెత్తలేదు. నేను పక్కనే ఉన్నాను. నేనూ ఎత్తలేదు.

ఇంకా ఒక లోడు ఉంది ఆమెకు. అదే కడపటిది. జులై పన్నెండో తారీఖుకు కోసి ఉంచాలి. “ఈతూరి నువ్వే సూడన్నా, గేటోళ్లను నమ్మేదానికి లేదు” అని, లోడు నమోదుకు భూమి పాసుబుక్కు తెచ్చి నా చేతిలోనే పెట్టింది.

నావల్ల కాదు. ఫోను ఎవరికైనా ఇచ్చేద్దామంటే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి.

ఈ ఉత్తరం రాస్తూ నాలుగుసార్లు లేచి వాకిట్లోకి పోయి వచ్చాను.

మునిరత్నం

*

తిరుపతి,
జులై 3.

పెదనాయనా,

ఈ ఉత్తరం చదివాక నా మీద కోపం వస్తే రానీ. రాయకుండా మాత్రం ఉండకు.

గేటుపిలుపు మా ఆఫీసుదే. ఆ పేజీ నాది. షీల్డు దానికే వచ్చింది.

నువ్వు మొదటి ఉత్తరంలో పేరు రాసినప్పుడే తెలుసు. మాది అని రాయడానికి సిగ్గేసింది. అందుకే ఒక సెకను ఆగు అని రాశాను. ఆ సెకను నేను పెట్టిందే. మనిషి తెర చూసి వేలు కిందికి తేవడానికి ఎంతసేపు పడుతుందో కొలిచాం. సరిగ్గా వేలు దిగేచోటికి, దిగేవేళకి ప్రకటన లేచేటట్టు పెట్టాం. నేనే పెట్టాను. తాకితే చాలు, అది ఆసక్తి అని లెక్క. పొరపాటున తాకినదానికి మా దగ్గర వేరే పేరు లేదు.

పోయిన నెలలో ఒక రిపోర్టు వచ్చింది. జిల్లాలో అందరికంటే ఎక్కువ ఆసక్తి ఉన్న మనిషి అని ఒక వరుస. బంగారుపాళ్యం మండలం, నీకు కొనిచ్చిన రకం ఫోను, నెలలో రెండు వందల పన్నెండుసార్లు. పేరు ఉండదు. మహిత చదివి, “ఎవరో గానీ ఆయనకు దండం పెట్టాలబ్బా” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నీ రెండో ఉత్తరం అంతకుముందు రోజే చదివి ఉన్నాను. కొడుతూ ఉండగా చేతులు ఆగిపోయాయి.

మహితను అడిగాను, ఆ ఒక్క పేజీలో తీసేద్దామని. ఆమె చెడ్డమనిషి కాదు. “ఆ ఒక్క పేజీలోనే గదా జనం తప్పకుండా నొక్కేది. అది తీసేస్తే రైతులకు ఊరికే ఎట్లా ఇస్తాం జయంతీ” అంది. దానికి జవాబు ఇంకా వెతుకుతున్నాను.

నాచేత అయినది ఒకటి చేశాను. మా దగ్గర పరీక్షకు వాడే ఫోన్ల జాబితా ఉంటుంది. ఆ ఫోన్లలో ప్రకటనలు రావు. నీ నంబరు అందులో రాశాను. ఎవరికీ చెప్పలేదు. ఇది అందేసరికి నీ ఫోన్లో ఏ బొమ్మా రాదు. ‘వస్తున్నాం’ ఉన్నచోటే ఉంటుంది. రెండుసార్లు కాదు, నాలుగుసార్లు నొక్కినా ఏమీ కాదు.

నాగులమ్మత్తకు ఏం చెప్తావో నాకు తెలియదు. తప్పు నీది కాదని మాత్రం చెప్పు.

జయంతి

*

గుండ్లమిట్ట,
జులై 13.

చిరంజీవి జయంతికి,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. రెండు రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. కోపం రాలేదు. నువ్వు చిన్నప్పుడు పలక మీద గీతలు ఎంత నేరుగా గీసేదానివో గుర్తొచ్చింది. ఈ పనిలోనూ నేరుగానే గీసి ఉంటావు.

పదో తారీఖు నాగులమ్మ దగ్గరికి పోయాను. చెప్పడానికి మాట రాలేదు. ఉత్తరం తీసి చదివాను. చదవడం అయితే వస్తుంది. నేను నీకు రాసిన సంగతి కూడా, అందులోనే ఉన్నట్టు, కలిపి చదివాను.

ఆమె కొడవలి పక్కన పెట్టింది. నేను పోదామని లేచాను. అప్పుడు అంది, “నేను పరంధామయ్యను అంతమందిలో నోటికొచ్చినట్లు తిట్టినానే. ముందు ఆయప్పకు చెప్పాల. పద.”

కాయ పోయినదాని గురించి ఒక్క మాట అనలేదు. అప్పటికప్పుడు షేర్ ఆటోలో గేటుకు పోయాం. అక్కడ లారీవాళ్లు, హమాలీలు, ఇరవైమంది ఉన్నారు. “నువ్వే చెప్పన్నా, నువ్వు సూస్తా నిలబడుకోనుంటివి గదా” అంది. చెప్పాను. ఎంత చెప్పానో, ఎలా చెప్పానో తెలియదు. తప్పు నా ఫోన్లో జరిగింది, మీది కాదు అన్నాను. పరంధామయ్య బీడీ పారేసి, “ఈ రోడ్డులో నన్ను తిట్టనోళ్లు ఎవరున్నార్లే అన్నా. తిరిగొచ్చి చెప్పినోళ్లు మీరే” అన్నాడు. ముగ్గురం టీ తాగాం. ఈసారి దిగింది.

వచ్చేటప్పుడు ఆటోలో నాగులమ్మ నీ గురించి అంది. “ఆ పిల్ల ఎప్పుడన్నా మనోళ్ల సేతి ఏళ్లు సూసినాదా? సూసింటే అట్ల పెట్టదు” అంది. అంతే.

నిన్న ఆమె లోడు. పొద్దున పదకొండుకు ఫోను మోగింది. ఆమె చేతికే ఇచ్చాను. నొక్కింది. పట్టలేదు. మళ్లీ నొక్కింది. ‘వస్తున్నాం’ పచ్చగా అయింది. ట్రాక్టరు పోయింది. కాయ దిగింది.

కానీ ఒకటి. నా ఫోన్లో బొమ్మలు రావని ఎట్లా తెలిసిందో ఊళ్లకు తెలిసింది. నిన్నటి నుంచి తమ పేర్లూ ఎక్కించమని పాసుబుక్కులు పట్టుకుని వస్తున్నారు. పైమిట్ట నుంచీ, రోడ్డవతల నుంచీ. అరవై దాటారు. అరుగు మీద చోటు లేదు. నాతో మాట్లాడతారు. నేను ఏం మాట్లాడాలి?

నా ఒక్క ఫోను బాగైతే చాలదు జయంతమ్మా. వాళ్ల వేళ్లూ ఇటువంటివే.

మళ్లీ మోగుతోంది.

మునిరత్నం

*

తిరుపతి,
జులై 19.

పెదనాయనా,

తెలిసిపోయింది. బంగారుపాళ్యం వైపు ప్రకటనలు ఒక్కసారిగా తగ్గాయని మహిత వెతికింది. పరీక్ష ఫోనొకదానిలో అరవై ఎనిమిది మంది రైతుల పేర్లు ఉన్నాయి. “ఇదేం పరీక్ష జయంతీ” అంది. మా పెదనాయన అని చెప్పాను. ఆ రెండు వందల పన్నెండు కూడా ఆయనవే అని చెప్పాను. “ఆసక్తి లేకపోతే అన్నిసార్లు ఎందుకు నొక్కుతాడు? అంకెలు అబద్ధం చెప్తాయా?” అంది. నిజంగానే అడిగింది, వెక్కిరించలేదు. వాళ్లది టవున్లో పుట్టి పెరిగిన కుటుంబం. చెట్టు మీది కాయ ఎలా తుంచుతారో చూసి ఉండదు.

నీ ఫోను జాబితాలోంచి తీసేశారు. ఈ వారం నుంచి మళ్లీ బొమ్మలు వస్తాయి. క్షమించు.

ముప్పయ్యో తారీఖు కంపెనీ పెద్దవాళ్లు వస్తున్నారు. నేను ఎందుకలా చేశానో అందరి ముందూ చెప్పాలి. నా మాట నిలబడితే ఆ పేజీలో ప్రకటన పోతుంది, లేకపోతే నా ఉద్యోగం పోతుంది. రోజూ అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకుంటున్నాను. రెండో వాక్యానికే తడబడుతున్నాను. నీ పోలికే వచ్చింది నాకు. అక్కడ వాళ్ల దగ్గర అంకెలు ఉంటాయి. నా దగ్గర ఏముంది?

ఏం చెప్పాలో రాయి పెదనాయనా. నాలుగు మాటలైనా చాలు.

జయంతి

*

గుండ్లమిట్ట,
జులై 24.

చిరంజీవి జయంతికి,

బొమ్మలు మళ్లీ వచ్చాయి. కోత చివరికి వచ్చింది కాబట్టి ఈ ఏటికి గడిచిపోతుంది. నాగులమ్మ పక్కన కూర్చుని నేను నొక్కేటప్పుడు ఒకటి, రెండు అని లెక్కపెడుతోంది. వచ్చే ఏడు సంగతే.

నాలుగు మాటలు రాయమన్నావు. మూడు రోజులు కూర్చున్నాను. రాలేదు. అందుకని వేరే పని చేశాను.

నేను ఐదో తరగతి చదివాను. సంతకం నేర్చుకున్నాక ఎక్కడా వేలిముద్ర వేయలేదు. పట్టా కాగితాల మీద, బ్యాంకులో, ఓటు దగ్గర, అన్నిచోట్లా సంతకమే. నిన్న పోస్టాఫీసుకు పోయి ఇంకు ప్యాడు అడిగాను. పోస్టుమాస్టరు, “నీకు సంతకం వచ్చు గదన్నా, ఇదెందుకు?” అన్నాడు. ఒకరికి చూపించాలి అన్నాను.

ఈ కాగితం అడుగున నా కుడి బొటనవేలు ఉంది. చూడు. అందరి వేలిముద్రల్లో గీతలు ఉంటాయి. ఇందులో ఒక్కటీ లేదు, నల్లటి మచ్చ. సొన తినేసింది. దాని పక్కన నాగులమ్మది, ఆ పక్కన మిట్టలో మిగిలిన ఎనిమిది ఇళ్లవీ ఉన్నాయి. పరంధామయ్య కూడా వేస్తానన్నాడు. ఆయనది బాగానే పడింది, గీతలు కనిపిస్తున్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

మాట్లాడలేకపోతే మాట్లాడకు. ఈ కాగితం బల్ల మీద పెట్టు. ఆ మహితమ్మను ముందు చూడనివ్వు. వాళ్ల అంకె రెండు వందల పన్నెండు నిజమే. ఆ రెండు వందల పన్నెండుసార్లూ నేను అడిగింది ఒకటే, మా కాయ గేటులోకి పోనివ్వమని.

నువ్వు ఏ సంగతీ రాయకపోయినా ఆగస్టు మొదట్లో రా. చెట్టుకు నాలుగు కాయలు నీకని ఉంచాను. తొడిమ ఎలా తుంచాలో చూపిస్తాను.

ఇట్లు
మునిరత్నం
(ఇది సంతకం. కింద ఉన్నది వేలు.)